ఖాళీ పాత్ర తాగిన హైడ్రోజన్

మియాపూర్,
8 జూన్ 2025, ఆదివారం.

అత్తయ్యా,

చెవి మిషను ఈల వేస్తోందని నువ్వు దాన్ని తీసి సొరుగులో పడేశావని లింగంపల్లి నుంచి పార్థసారథి బాబాయి చెప్పాడు. ఇక నీతో ఫోన్లో మాట్లాడటమంటే గోడతో మాట్లాడినట్టే. అందుకే కాగితం తీశాను. నాలుగు లైన్లకే బొటనవేలు లాగుతోంది. పందొమ్మిదేళ్ళు కీబోర్డు మీద బతికిన చెయ్యి, రాత ఎలా ఉన్నా ఓర్చుకో.

సంగతి ఇది. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాను, నలభై నాలుగేళ్ళ వయసులో. ఉద్యోగం ఉంది. ఆఫీసులో ఎవరూ పొమ్మనలేదు. కాపురంలో రవికిరణ్‌తో గొడవ లేదు. నువ్వు అడగబోయే మూడింటికీ ముందే జవాబు చెప్పేశాను.

మార్చిలో ఆఫీసులో కూర్చుని ఇంకేదో వెతుకుతుంటే ఒక ప్రకటన కంటబడింది. బాచుపల్లి దాటాక ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో హైడ్రోజన్ నిల్వ పదార్థాల మీద డాక్టరేటు చేయడానికి మూడు సీట్లున్నాయట. చదివి మూసేశాను. మర్నాడు మళ్ళీ తెరిచాను. మే నెలాఖరుదాకా తెరుస్తూ మూస్తూనే ఉన్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో నా చివరి ప్రాజెక్టు దీనికి దగ్గరిదే, నీకు గుర్తుందో లేదో. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్ళు వచ్చి కెమిస్ట్రీ అనీ సివిల్ అనీ చూడకుండా ఎవర్ని పడితే వాళ్ళని ఎత్తుకుపోయారు. నేనూ పోయాను. హైటెక్ సిటీలో అద్దాల మేడలో కూర్చుని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఇన్నేళ్ళూ నా బతుకు.

హైడ్రోజన్‌తో బండి నడిస్తే పొగ రాదు, నీళ్ళే వస్తాయి. చిక్కల్లా దాన్ని దాచుకోవడంలోనే. సిలిండర్లో కుక్కాలంటే మన వంటగ్యాసు సిలిండరు ఊహించలేనంత ఒత్తిడి కావాలి. అలా కాకుండా మెగ్నీషియంలాంటి కొన్ని లోహాల పొడులు హైడ్రోజన్‌ను తాగి తమలో పట్టుకుంటాయి, వేడిచేస్తే వదులుతాయి. ఏ పొడి ఎంత పట్టుకుంటుంది, ఎన్నిసార్లు పట్టి ఎన్నిసార్లు వదులుతుంది, ఇదే అక్కడి పని.

ప్రొఫెసరు పేరు శివశంకర్. ఇంటర్వ్యూ పందొమ్మిదో తారీఖున. సీటు రాదేమోనని భయం, వస్తే ఎలాగన్నది ఇంకా పెద్ద భయం. అయినా వెళ్తున్నాను. దీవించు, లేకపోతే తిట్టు. ఏదైనా సరే కాగితం మీదే.

నీ కిరణ్మయి


ఏలూరు,
13 జూన్ 2025.

కిరణూ,

మూడు జవాబులు ముందే రాశావు సరే, నాలుగో ప్రశ్న అడుగుతున్నాను. నీకేం తక్కువైంది?

రవితో గొడవ లేదని నేనడక్కుండానే ఎందుకు రాశావు? ఉన్నదుంటే దాచకు. ఏ ఆడదీ ఊరికే ల్యాబులో పడి చస్తానని బయల్దేరదు.

పరిశోధన సంగతి నాకు పాఠం చెప్పకు. ముప్ఫై ఒక్కేళ్ళు యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా గాజుసామాను కడిగినదాన్ని. మీరంతా దాన్ని పుస్తకాల్లోంచి చూశారు, నేను తొట్టి దగ్గర్నించి చూశాను. ఏ స్కాలరు గొట్టాలు ముందు కడగమంటారో, ఎవరివి పక్కన పెట్టమంటారో చూసి ఎవరికి పట్టా వస్తుందో, ఎవరికి రాదో చెప్పేసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పలేదు. నలభై దాటిన ఆడవాళ్ళ గొట్టాలు ఎప్పుడూ చివర్నే ఉండేవి.

ఆ శివశంకర్‌తో మన పార్థసారథి ఒకప్పుడు కలిసి పనిచేశాడని గుర్తు. మనిషెలాంటివాడో కనుక్కుంటాను.

ఇక్కడ మా అపార్టుమెంటు లిఫ్టు ఆగి పదకొండు రోజులైంది. అసోసియేషన్ మీటింగులో అందరూ ఏదో అరిచారు, నాకేమీ వినపడలేదు, హాయిగా ఉంది. నేను మాత్రం లేచి నా మాట చెప్పి కూర్చున్నాను.

ఇంటర్వ్యూకి వెళ్ళకు. వెళ్తావని తెలుసు.

భ్రమరాంబత్తయ్య


మియాపూర్,
6 జూలై 2025, ఆదివారం.

అత్తయ్యా,

వెళ్ళాను. వచ్చింది. ముప్ఫయ్యో తారీఖుతో ఉద్యోగం మానేశాను. నీ తిట్లు అందేలోపే పని పూర్తిచేసేద్దామని ఆత్రపడ్డాను.

ఇంటర్వ్యూ రోజున గేటు దగ్గర సెక్యూరిటీ పెంటయ్య ఆపాడు. "పాప అడ్మిషన్ కోసమా మేడం? పేరెంట్స్ అందరు అటు షెడ్డు కింద కూసోవాలె" అన్నాడు. "నా అడ్మిషనే" అన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "గట్లనా! అయితే గిటు నుంచి పోండ్రి, జల్ది పోండ్రి, అప్పుడే పిలుస్తున్రు" అని గేటు బార్లా తీశాడు. ఆ రోజు మొత్తంలో నన్ను అనుమానించకుండా లోపలికి పంపినవాడు ఆయనొక్కడే.

లోపల నలుగురున్నారు. అందులో ఒకాయన నా దరఖాస్తు తిరగేసి తిరగేసి, "మీకు డాక్టరేటు వచ్చేసరికి యాభై వస్తాయి కదమ్మా, ఆ తర్వాత ఏం చేస్తారు?" అన్నాడు. నాకేమయిందో తెలీదు, "మీకు యాభై దాటినట్టున్నాయి సార్. మీరేం చేస్తున్నారో అదే చేస్తాను" అనేశాను. శివశంకర్ గారు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. నవ్వు దాచుకుంటున్నారో, కోపమో తెలియలేదు. మెట్లు దిగుతూ సీటు పోగొట్టుకున్నాననే అనుకున్నాను.

ఆఫీసులో మేనేజరు, "కిరణ్మయీ, అలసిపోయి ఉంటారు, రెండు వారాలు సెలవు తీసుకోండి" అన్నాడు. పిల్లలంతా కలిసి కేకు తెచ్చారు. దానిమీద 'హ్యాపీ రిటైర్మెంట్' అని రాయించారు. చాకు తీసుకుని ముందు ఆ రెండో మాటనే నిలువుగా కోశాను.

రవికిరణ్ "నీ ఇష్టం" అన్నాడు. ఈ మాటకి ఎన్ని అర్థాలున్నాయో నాకిప్పటికీ తెలియదు. మా రోహిణి మాత్రం, "అమ్మా, నాకు ఇంటర్, నీకు పీహెచ్‌డీ, ఎవరు ముందు ఫెయిలవుతారో పందెం" అంటోంది.

సంతోషించవూ?

కిరణ్మయి


ఏలూరు,
14 జూలై 2025.

కిరణూ,

సీటు ఇచ్చారా? ఆ శివశంకరే ఇచ్చాడా? ఆయనకెవరూ ఏమీ చెప్పలేదా?

నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇంతకంటే రాయడానికి తోచడం లేదు.

అంత ఉద్యోగం ముప్ఫయ్యో తారీఖుకి వదిలేసి ఆరో తారీఖున నాకు రాస్తావా? సరే. నువ్వు చిన్నపిల్లవి కాదు, అదే నా బాధ కూడా.

లిఫ్టు బాగుపడింది. వాచ్‌మన్ గోవిందప్ప రెండు వైర్లు కలిపాడు, అంతే. ఇరవై నాలుగు రోజుల మీటింగులు ఆ రెండు వైర్ల కోసం.

భ్రమరాంబత్తయ్య


మియాపూర్,
24 ఆగస్టు 2025, ఆదివారం.

అత్తయ్యా,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. నాకు సీటు రావడం నీకంత ఆశ్చర్యమా? ఆ కాగితం మూడుసార్లు చదివి బీరువాలో బట్టల కింద పెట్టేశాను. కానీ ఈ సంగతి నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థంకాదు.

ల్యాబులో నాతో రజిత ఉంది. సిద్దిపేట దగ్గరి పిల్ల, ఇరవై ఏడేళ్ళు, నాలుగో ఏడు చేస్తోంది. వచ్చే ఏడాది థీసిస్ ఇవ్వాలి. పొడి కలపడం, నూరడం, గాలి తగలకుండా అద్దాల పెట్టెలో తూచడం అన్నీ అదే నేర్పింది. నేను ఏదైనా పట్టుకుంటే చాలు "అక్కా, జర పైలం! అది నా పెండ్లి కంటె ముఖ్యం" అంటుంది.

కొలిచే పద్ధతి నీకు సులువుగానే తెలుస్తుంది. బొటనవేలంత స్టీలు పాత్రలో పొడి వేసి, బిగించి, మూడువందల డిగ్రీలకి వేడిచేసి, లోపలికి లెక్కగా హైడ్రోజన్ వదులుతాం. పొడి తాగినకొద్దీ గేజిలో ఒత్తిడి పడిపోతుంది. ఎంత పడిందో చూసి ఎంత తాగిందో లెక్క కడతాం. నిరుడు వీళ్ళకి నూరు గ్రాముల పొడికి ఏడు గ్రాములు వచ్చింది. చాలా గొప్ప అంకె. రజిత పేపరూ, సార్ ప్రాజెక్టూ దాని మీదే నిలబడ్డాయి.

నాకు మాత్రం గేజి కిందికి దిగడం చూస్తున్నప్పుడల్లా అదోలా ఉండేది. ఆగాల్సిన చోట ఆగడం లేదు. కడుపు నిండిన మనిషి ఇంకా తింటున్నట్టు. తప్పు నాదేనేమో, నాకు తెలియని శాస్త్రమేదో ఉందేమోనని నెల రోజులు నోరెత్తలేదు. చివరికి ఉండబట్టలేక, "ఒకసారి పొడి వేయకుండా ఖాళీ పాత్ర పెట్టి చూద్దాం" అన్నాను. పాత ఆఫీసులో నేను చేసిందదే కదా. ఏమీ ఇవ్వకుండా ఏమొస్తుందో చూడటం.

రజిత నవ్వింది. "ఏంది అక్కా, ఖాళీ డబ్బా ఏం తాగుతది? గాలి తాగుతదా?"

"తాగకూడదు. అందుకే చూద్దాం. కూరగాయలవాడు ముందు ఖాళీ తట్ట తూచడూ?"

పొద్దున పదికి పెట్టాం. సాయంత్రం నాలుగింటికి చూస్తే ఖాళీ పాత్ర హైడ్రోజన్ తాగింది అత్తయ్యా! చుక్క పొడి లేదు, అయినా గేజి దిగింది. ఎక్కడో కారుతోందన్నమాట. కారిందాన్ని పొడి తాగినట్టు రాసుకుంటున్నాం. రజిత ఆ అంకె చూసి స్టూలు మీద కూలబడింది. "ఇగ నా థీసిస్ పోయినట్టే గదా అక్కా" అంది. నేను దాని మొహంలోకి చూడలేకపోయాను.

సార్‌కి చెబితే, "లీకు లేదు, సబ్బునీళ్ళతో ప్రతి జాయింటూ చూశాం, ఒక్క బుడగ రాలేదు" అన్నారు. నిజమే, మేమిద్దరం మళ్ళీ రాసి చూశాం. బుడగ రాలేదు. మరి ఎక్కడికి పోతోంది?

కిరణ్మయి


ఏలూరు,
3 సెప్టెంబరు 2025.

కిరణూ,

నా ఆశ్చర్యాన్ని నువ్వెలా అర్థం చేసుకున్నావో నీ ఇష్టం.

సబ్బునీళ్ళు ఎప్పుడు రాశారు? పాత్ర చల్లగా ఉన్నప్పుడేగా? మూడువందల డిగ్రీల మీద సబ్బునీళ్ళు ఎవరూ రాయలేరు, చురుక్కుమని ఆవిరైపోతాయి. మా ల్యాబులో ఒక జాయింటు ఉండేది, చల్లగా ఉంటే పతివ్రత, వేడెక్కితే దాని వేషాలు మొదలు. ఇనుము సాగుతుంది, సందు తెరుచుకుంటుంది, చల్లారాక మళ్ళీ మూసుకుంటుంది. ఖాళీ పాత్రనే ఒకసారి చల్లగా పెట్టి చూడు, ఒకసారి వేడిగా. తర్వాత ఒక్కొక్క జాయింటే మార్చు. రెండు కలిపి మార్చావంటే దొంగ ఎవరో ఎప్పటికీ తెలియదు.

చెప్పకూడదనుకుని కూడా చెప్పేశాను, అలవాటు.

ఇక నా అసలు మాట విను. దొరికినా అరవకు. నువ్వు నిన్నగాక మొన్న వెళ్ళావు. ఆ పిల్ల నాలుగేళ్ళ కష్టం, ఆయన పదేళ్ళ పేరు. నీ ఒక్క అనుమానం కోసం ఇద్దరు కూలిపోవాలా? చూసినది నీ నోట్సులో రాసుకుని ఊరుకో. ల్యాబులో బతికేవాళ్ళు బతికే పద్ధతి అది. తెలిసినదాన్ని, చెబుతున్నాను.

భ్రమరాంబత్తయ్య


మియాపూర్,
12 అక్టోబరు 2025, ఆదివారం.

అత్తయ్యా,

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. చల్లటి ఖాళీ పాత్ర ఏమీ తాగలేదు. వేడిది తాగింది. ఒక్కొక్కటే మారుస్తూ పోతే మూడో వారానికి దొరికింది, కింది జాయింటు. కారిందంతా తీసేసి లెక్కవేస్తే పొడి నిజంగా తాగింది నాలుగు. ఏడు కాదు.

ఊరుకోమన్నావు. ఊరుకోలేదు. బుధవారం కాగితాలు పట్టుకుని సార్ గదికి వెళ్ళాను. ఈ నెల ఇరవై నాలుగున బయటి నుంచి కమిటీ వస్తోంది, ప్రాజెక్టుకి రెండో విడత డబ్బు ఇవ్వాలా వద్దా తేల్చడానికి. నివేదికలో ఏడు అని రాసి ఉంది. కొలిచినవాళ్ళ పేర్లలో నా పేరూ ఉంది. సంతకం పెట్టమన్నారు.

"పెట్టలేను సార్. నాలుగు అని రాస్తే పెడతాను."

"కిరణ్మయి గారూ, నిరుడు ఏడన్నాం. ఇప్పుడు నాలుగంటే వాళ్ళు మనల్ని ఏమనుకుంటారు?"

"నిరుడు కారిందనుకుంటారు."

"మీరొచ్చి మూడు నెలలు. రజిత నాలుగేళ్ళ నుంచి కొలుస్తోంది."

"జాయింటుకి మా సీనియారిటీ తెలియదు కదా సార్."

ఆయన మొహం ఎర్రబడింది. పెన్ను కింద పెట్టి, "అసలు ఈ సీటు మీకెలా వచ్చిందో తెలుసా? ఇంటర్వ్యూకి ముందే మీ పార్థసారథి గారు నాకు ఫోన్ చేశారు మీ గురించి" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయారు. "చాలు సార్" అని బయటికి వచ్చేశాను.

బాబాయికి ఫోన్ చేస్తే, "నన్నడక్కమ్మా, మీ అత్తయ్యనే అడుగు" అని పెట్టేశాడు.

అప్పుడు బీరువాలోంచి నీ జూలై ఉత్తరం తీశాను. 'ఆయనకెవరూ ఏమీ చెప్పలేదా?' అని రాశావు. ఇప్పుడర్థమైంది. నువ్వు చెప్పించావు. మనవాళ్ళందరూ చేసే పనే కదా, స్కూలు సీటుకీ, దవాఖానలో బెడ్డుకీ, చివరికి గుళ్ళో దర్శనానికీ ఎవరిచేతో ఒక మాట చెప్పించడం. మేనకోడలు బయటే మిగిలిపోకుండా నువ్వూ చెప్పించావు. పైకేమో వద్దని రాశావు.

ఇంటర్వ్యూలో ఆ మాట అన్నందుకు నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో నీకు తెలుసా? నాలుగు నెలలు ఆ ఒక్క మాట తలుచుకుని బస్సెక్కాను. అదంతా నాటకమన్నమాట, సీటు ముందే నాదన్నమాట. అబద్ధపు అంకె మీద సంతకం పెట్టనని గొడవపడేది అబద్ధపు సీట్లో కూర్చునా? ఆ గదిలోకి ఇక ఏ మొహంతో వెళ్ళను?

సీటు వదులుకుంటున్నానని ఉత్తరం రాసి సంచిలో పెట్టుకున్నాను. ఇరవై రెండున ఇస్తాను. అంతలోగా నిజం నీ చేత్తో రాయి. 'నీ మంచికోసమే' అని మాత్రం రాయకు.

కిరణ్మయి


ఏలూరు,
16 అక్టోబరు 2025.
స్పీడ్‌పోస్టులో.

కిరణూ,

ఆ కాగితం ఇవ్వకు. ముందు ఇది చదువు.

చెప్పించిన మాట నిజం. కానీ నీకు సీటు ఇమ్మని కాదు, ఇవ్వవద్దని.

జూన్ పద్నాలుగున పార్థసారథికి రాశాను. 'ఆ శివశంకర్‌కి చెప్పు, మా అమ్మాయికి ఇంట్లో ఇబ్బందులున్నాయి, మధ్యలో మానేస్తుంది, సీటు వృథా చేసుకోవద్దు' అని. నీకు ఏ ఇబ్బందీ లేదని నువ్వు రాసినా, నీకు జవాబు రాసిన మర్నాడే అలా రాశాను. అబద్ధం రాశాను. పార్థసారథికి ఇష్టంలేదు, నా పోరు పడలేక చేశాడు. అందుకే నీకు సీటు వచ్చిందంటే నాకు నోట మాట రాలేదు. ఆయనకు చెప్పిన తర్వాత కూడా ఎలా ఇచ్చాడా అని. నువ్వు దాన్ని అవమానం అనుకున్నావు, అనుకోనిచ్చాను. అసలు సంగతి కంటే అదే నయమనిపించింది.

ఎందుకు చేశానో రాస్తాను. కారణమే, సాకు కాదు.

మా ల్యాబుకి వాసంతి అని ఒకావిడ వచ్చింది, నలభై ఒకటో ఏట, టీచరు ఉద్యోగం వదిలి. నీలాగే తప్పు కనబడితే ఊరుకునేది కాదు. మూడో ఏడు గైడుకి ఆమె మీద విసుగు పుట్టింది. ఐదో ఏడు ఆమె బల్లని వరండాలోకి మార్చారు. ఏడో ఏడు ఆయన రిటైరయ్యాడు, కొత్తవాళ్ళెవరూ ఆమెను తీసుకోలేదు. ఎనిమిదో ఏడు ఒక మంగళవారం ఆమె రాలేదు. ఆమె నోటు పుస్తకాలు పదకొండు. నేనే అట్టపెట్టెలో పేర్చి, తాడు కట్టి, ఆటో ఎక్కించి ఇంటికి పంపాను. ఒక్కరూ వాటిని తెరిచి చూడలేదు. నేను చూశాను. నాకు సగమే అర్థమైంది, కానీ ఎంత శుభ్రంగా రాసిందో!

నువ్వు దరఖాస్తు పెట్టానని రాసినప్పుడు నాకు ఆ తాడే కళ్ళముందు కనబడింది. నీ అట్టపెట్టె కూడా నేనే కట్టాల్సొస్తుందేమోనని.

కానీ చూడు, నీ సీటుకి ఎవరూ సాయం చేయలేదు. నీ సొంత అత్తే అడ్డుపడింది, అయినా వచ్చింది. ఇంతకంటే నిఖార్సయిన సీటు ఆ యూనివర్సిటీ మొత్తంలో ఎవరికైనా ఉందా? దాన్ని వదిలేస్తే నేను గెలిచినట్టు. నన్ను గెలవనివ్వకు.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

భ్రమరాంబ


మియాపూర్,
2 నవంబరు 2025, ఆదివారం.

అత్తయ్యా,

నీ ఉత్తరం ఇరవయ్యో తారీఖుకి ముందే అందింది. రవికిరణ్ చదివి, "మీ అత్తయ్య పోరాటం లిఫ్టుతో ఆపితే బాగుండేది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ కోపం తగ్గలేదని ముందే చెబుతున్నాను. నన్ను ఎదురుగా వద్దనడం నీ హక్కు, వెనకనుంచి తలుపు మూయించడం కాదు. వాసంతిగారి కథ చదివి ఏడ్చాను, అది వేరే సంగతి.

ఇరవై రెండున సార్ గదికి వెళ్ళాను. సంచిలో కాగితం లేదు. నిలబడే అడిగాను.

"సార్, బాబాయి నాకు సీటు ఇవ్వొద్దని చెప్పారట. మరి ఎందుకిచ్చారు?"

ఆయన కళ్ళద్దాలు తీశారు. "ఆ రోజు అదే చెప్పబోతే మీరు వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళ నుంచి నాకు ఫోన్లొస్తూనే ఉన్నయ్ అమ్మా, మావాణ్ణి తీసుకోండి, మా పిల్లని తీసుకోండి అని. తీసుకోవద్దని వచ్చింది అదొక్కటే. ఆపడానికి ఇంతగా కష్టపడుతున్నరంటే మనిషెవరో చూద్దామనుకున్న. తర్వాత మీరు ఇంటర్వ్యూలో మా డీన్‌ని యాభై ఏళ్ళ గురించి అడిగారు. ఇగ ఫోన్ సంగతి మర్చిపోయిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెత్తబడిపోతానేమోనని భయమేసి వెంటనే, "అయినా ఏడు మీద సంతకం పెట్టను సార్" అన్నాను.

"తెలుసు" అన్నారు. నివేదిక నా ముందునుంచి లాక్కున్నారు.

ఇరవై నాలుగున కమిటీ వచ్చింది. నివేదికలో ఏడే ఉంది. నా పేరు తీసేశారు. నేను ఖాళీ పాత్ర లెక్కలు ఒక్క పేజీలో రాసి, కింద సంతకం చేసి, నాలుగు నకళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను. ఒకవేళ నేనే తప్పయితే? చల్లటి పాత్ర లెక్కలో ఏదైనా వదిలేశానా? చివరి నిమిషందాకా మనసులో కూడుతూనే ఉన్నాను. సార్ ఏడు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాను. కానీ నాకంటే ముందు రజిత లేచింది.

"సార్, ఆ ఏడు నేను కొలిచిందే. అది కరెక్టు కాదు. వేడైనంక కింది జాయింటు కారుతుంది. మేమిద్దరం కలిసి చూసినం. అక్క దగ్గర కాగితం ఉంది" అంది.

నకళ్ళు పంచాను. గంటన్నర ప్రశ్నలు. డీన్‌గారు నావైపు చూసిన చూపుకి కొలిమి అవసరం లేకుండానే లోహం కరుగుతుంది. చివరికి సార్ లేచి, "ఏడు వెనక్కి తీసుకుంటున్నం. నాలుగు" అన్నారు. రెండో విడత వాయిదా పడింది, వస్తుందో రాదో. రజిత థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. "ఏడాదే గదా అక్కా, అబద్ధం మోసుకుంట తిరుగుడు కంటె నయం" అంది. ఆ తర్వాత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చింది, నేను బయట నిలబడ్డాను.

మొన్న శుక్రవారం సార్ పిలిచి, "మీకు నాతో కష్టం, నాకు మీతో కష్టం. గైడుని మార్చుకుంటారా? డీన్‌గారు కూడా అదే అంటున్నరు" అన్నారు.

"మార్చుకోను సార్. నన్ను మార్చాలంటే కారణం కాగితం మీద రాసి ఇవ్వమనండి."

"సోమవారం కొత్త జాయింటుతో రీడింగు మొదలుపెట్టండి" అన్నారు. అంటే సీటు ఉంది. నా బల్ల ల్యాబులోనే ఉంది, కిటికీ పక్కన. వరండాలోకి మార్చడానికి వస్తే బల్లతోపాటు నన్నూ మోయాల్సి ఉంటుంది.

నీ పని ఒకటుంది. జూన్‌లో ఆయనకి నువ్వు చేరవేసిన మాట ఇంకా అక్కడే ఉంది, మధ్యలో మానేసే మనిషినని. దాన్ని నువ్వే వెనక్కి తీసుకోవాలి. బాబాయి చేత కాదు, నీ పేరుతో, నీ చేత్తో.

కిరణ్మయి


ఏలూరు,
8 నవంబరు 2025.

కిరణూ,

రాశాను. నీ ప్రొఫెసరుకి రిజిస్టరు చేసి ఇప్పుడే పోస్టాఫీసు నుంచి వస్తున్నాను. నకలు ఇది.

'ప్రొఫెసరు శివశంకర్ గారికి,

మా మేనకోడలు కిరణ్మయికి సీటు ఇవ్వవద్దని జూన్ నెలలో పార్థసారథి చేత చెప్పించినదాన్ని నేను. ఆమె మధ్యలో మానేస్తుందని చెప్పించాను. అది అబద్ధం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆమెను దయచూడమని రాయడం లేదు. దయ అక్కర్లేదు. ఆమె పొరబడితే ఆమె లెక్కలో తప్పు చూపించండి, వయసు చూపించకండి. వరండాలో బల్ల వేయడమెలాగో, అట్టపెట్టె కట్టడమెలాగో నాకు బాగా తెలుసు. ఈసారి కట్టను.

భ్రమరాంబ, ల్యాబ్ అసిస్టెంటు (రిటైర్డు).'

పోస్టాఫీసులో గుమాస్తా ఏదో అడిగాడు. వినపడలేదు. రెండోసారీ వినపడలేదు. మూడోసారి నేనే గట్టిగా, "ముసలమ్మ తప్పు ఒప్పుకుంటోంది నాయనా, త్వరగా ముద్ర వెయ్యి" అన్నాను. లైనంతా తిరిగి చూసింది. చూడనీ.

నా మీద కోపం ఉంచుకో, తొందరేం లేదు. సోమవారం రీడింగు ఎంత వచ్చిందో మాత్రం రాయి. మూడున్నరే వస్తే మూడున్నరే అని రాయి.

భ్రమరాంబత్తయ్య